ఉతికిన చొక్కాలు

ఇప్పుడు మీరంతా హెచ్.ఆర్. అంటున్నారు. మేం ఉద్యోగంలో చేరిన రోజుల్లో దాన్ని పర్సనల్ డిపార్ట్‌మెంట్ అనేవారు. బోర్డు మారింది గానీ కుర్చీ అదే. మేనేజ్‌మెంటుకూ కార్మికులకూ మధ్యలో వేసిన కుర్చీ. అందులో కూర్చున్నవాణ్ణి రెండు పక్కలవాళ్లూ ‘మనోడే’ అనుకోవాలి. నన్ను పాతికేళ్లకు పైగా అలాగే అనుకున్నారు. ఈ మధ్య మా లైనులోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ‘మీ అనుభవాలు చెప్పండి సార్’ అని అడుగుతున్నారు. చెప్పదగ్గవి చాలానే ఉన్నాయి. చెప్పుకోలేనిది ఒకటుంది. అదే రాస్తున్నాను.

నేను పటాన్‌చెరు దగ్గర మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. దాని పేరు రాయను. ఎవరి పేరూ రాయను. మాది హత్నూర వైపు పల్లె. మా నాయన కూలికి పోయేవాడు. నేను డిగ్రీ చదివి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని ఆఫీసులో కూర్చున్నానంటే మా వాడకట్టులో అదొక విశేషం. కార్మికుల్లో సగంమంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లతో వాళ్ల మాటలోనే మాట్లాడేవాణ్ణి, పెళ్లిళ్లకూ చావులకూ పోయేవాణ్ణి. అందుకే కష్టమైన కాగితాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. “మీరు చెబితే వింటారండీ” అనేవాడు మా డైరెక్టరు. అది మెచ్చుకోలే అనుకునేవాణ్ణి.

అలాంటి కాగితాల్లో ఒకదాని సంగతి ముందు చెప్పాలి.

నా రిటైర్‌మెంటుకు ఎనిమిదేళ్ల ముందు, ఒక మధ్యాహ్నం, ఫ్యాక్టరీ వెనకాల మురుగునీళ్ల ట్యాంకులో పంపు జామయింది. కాంట్రాక్టు కింద పనిచేసే ఒక మనిషిని నిచ్చెన వేసి లోపలికి దింపారు. ముప్పై కూడా దాటలేదు అతనికి. ముక్కుకు కట్టుకొమ్మని ఇచ్చింది ఒక తడిగుడ్డ. ట్యాంకులో గ్యాసు నిండి ఉంది. పడిపోయినవాణ్ణి తాళ్లు వేసి పైకి లాగి వ్యానులో వేసుకుని పోతుంటే, ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం డైరెక్టరు నన్ను పిలిచాడు. “అతను పొద్దున తాగొచ్చాడట కదా? గేటు దగ్గర్నించే వెనక్కి పంపేశామని సెక్యూరిటీవాళ్లు అంటున్నారు కదా?” అన్నాడు. సెక్యూరిటీవాళ్లు ఏమీ అనలేదు. వాళ్లచేత అనిపించడం నా పని. అనిపించాను. తర్వాత కూర్చుని నా చేత్తో రాశాను: ‘సదరు కార్మికుడు మద్యం సేవించి విధులకు హాజరైనందున గేటు వద్ద నుండియే తిప్పి పంపబడినాడు. తదనంతరం సంభవించిన మరణమునకు మా సంస్థకు ఎట్టి సంబంధము లేదు.’ అడగాల్సినవాళ్లు ఆ కాగితం చూసి అక్కడే ఆగిపోయారు. నా సంతకంతో, ఫ్యాక్టరీ ముద్రతో ఒక నకలు అతని భార్యకూ అందింది. ఎంత చక్కగా రాశానో అని ఆరోజు నాకే అనిపించిన సంగతి దాచను. ‘తిప్పి పంపబడినాడు’ అనే మాట దొరకడానికి పది నిమిషాలు ఆలోచించాను.

తర్వాత ఆరేళ్లు ఆ మనిషి నాకు గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకుండా ఉండటం కూడా ఒక పనేనని, అది నేను బాగా చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆరేళ్ల తర్వాత ఫ్యాక్టరీకి పాతికేళ్లు నిండాయి. పండుగ చేయాలన్నారు. పక్క ఫ్యాక్టరీవాళ్లు తమ ప్రహరీ గోడకు రంగురంగుల బొమ్మలు వేయించుకున్నారు; పేపర్లో ఫొటో వచ్చింది. “మనమూ ఏదైనా ఆర్ట్ పెడదాం. క్యాంటీన్ హాలు పెద్దది కదా, అక్కడ” అన్నాడు డైరెక్టరు. ఆ పని నాకు అప్పజెప్పాడు.

నాకు ఆర్ట్ అంటే క్యాలెండరే. కానీ రసాయనాలు కలిపి మరిగించే మా రియాక్టర్ సెక్షన్‌లో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక ఆపరేటర్ కూతురు బొమ్మల కాలేజీలో చదివిందని తెలుసు. ఆయన ఇస్నాపూర్‌లో ఉండేవాడు. “సదివింది సార్. గని బొమ్మలు ఎయ్యది. ఏం జేస్తదో నాకు సమజ్ గాదు” అన్నాడు, సిగ్గుగా. పిలిపించమన్నాను.

ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. కాటన్ చీర, చేతులకు గాజుల్లేవు, భుజాన గోనెసంచి. ఒక్కతే రాలేదు, వెంట ఒక పెద్దాయనను తీసుకొచ్చింది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, చేతులు వణుకుతున్నాయి. జీవితమంతా పీపాల మీదా లారీల మీదా అక్షరాలు రాసి బతికాడట. కానీ ఆ అమ్మాయి ఆయన్ని చూసే చూపులో ఒక గురువును చూస్తున్న భక్తి ఉంది.

అప్పుడు చెప్పింది వాళ్ల కథ. ఈ బెల్టులో ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో నలుగురైదుగురు కుర్రవాళ్లు కాలేజీ వదిలి వచ్చేశారు. గోడకు మేకు కొట్టి తగిలించేదాన్ని మేం బొమ్మ అనం అన్నారు. మనుషులు పనిచేసే చోటే బొమ్మ పుడుతుందన్నారు. తెల్లటి ధోవతులు కొని, ఒక్కొక్కటీ ఒక్కొక్క వాగులో, కుంటలో, బావిలో ముంచి, రోడ్డు పక్కన దండెం కట్టి ఆరేశారు. ఏ ధోవతి ఏ ఊరి నీళ్లలో ముంచారో కింద ఒక పలక మీద రాశారు. అదే వాళ్ల మొదటి ప్రదర్శన. ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా, ఒకటి తారు నల్లగా ఆరాయట. రెండో రోజు పోలీసులు వచ్చి దండెంతో సహా తీసుకుపోయారు. వాళ్లు మానలేదు. ఇన్నేళ్లుగా ఒకరు పోతే ఒకరు వచ్చి చేరుతూ ఆ పని నడుస్తూనే ఉంది. వాళ్ల కట్టుబాట్లు మూడు. చేసినదాని కింద సంతకం పెట్టకూడదు. అమ్మకూడదు. దాచుకోకూడదు. మొదటి గుంపులో మిగిలింది ఈ పెద్దాయన ఒక్కడే. ఇప్పుడు చేస్తున్నది ఈ అమ్మాయి, ఇంకో ముగ్గురు.

“అయితే మాకేం చేస్తారు?” అన్నాను.

“మీ కార్మికుల చొక్కాలు గావాలె సార్. డ్యూటీ దిగంగనె ఇడిసిన చొక్కాలు, ఉతకనియ్” అంది ఆ అమ్మాయి.

పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. “తమ్మీ, మాకు పైసలొద్దు. ఒక్క మాట గావాలె. మేం పెట్టింది మీరు ముట్టొద్దు. మీ పండుగ అయినంక మేమే దీసుకపోతం.”

“మాట ఇస్తున్న పెద్దాయనా, ఎవ్వలు ముట్టరు” అన్నాను. మా ఊరి మాటలోనే అన్నాను. డబ్బు తీసుకోరని చెబితే డైరెక్టరు సంతోషించి, మిగతాదేమీ అడగలేదు.

వారం రోజుల్లో నూటికి పైగా చొక్కాలు వచ్చాయి. క్యాంటీన్ హాలు ఈ కొస నుంచి ఆ కొసకు తాళ్లు కట్టి వరుసగా ఆరేశారు. ఎలా పడితే అలా కాదు. ముడిసరుకు స్టోరు దగ్గర మొదలై వెనకాల ట్యాంకు దాకా ఫ్యాక్టరీ ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే. ద్వారం దగ్గర సంచులు మోసేవాళ్ల చొక్కాలు, భుజం మీద తెల్లటి పొడి. తర్వాత యాసిడ్ పడి జల్లెడలా చిల్లులు పడ్డవి. తర్వాత రియాక్టర్లవాళ్లవి, చంకల దాకా పసుపు. ఆ తర్వాత బొగ్గుపొడి వడకట్టేచోట పనిచేసేవాళ్లవి, నల్లగా. ఇన్నేళ్లు ఆ యూనిఫాంలు తెప్పించే ఇండెంట్ల మీద సంతకాలు పెట్టినవాణ్ణి. ఏ సెక్షన్ మరక ఏ రంగులో ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు.

కార్మికులకు తెలుసు. భోజనానికి వచ్చినవాళ్లు పళ్లాలు పట్టుకుని ఆ వరుసల మధ్య తిరిగారు. “అరే, గిది నాదే రా! గీ చిల్లు సూడు, మొన్న వాల్వు లీకైనప్పటిది.” “గీ పసుపు మా సెక్షన్‌దే. మా ఇంటామె ఎన్ని సబ్బులు అరగదీసిందో.” నవ్వుకున్నారు. ఒకరికొకరు చూపించుకున్నారు. రియాక్టర్ ఆపరేటర్ తన చొక్కా ముందు నిలబడ్డాడు. “గిన్నొద్దులు సమజ్ గాలే సార్. నా బిడ్డ ఏం జేస్తదో ఇయ్యాల సమజైంది” అన్నాడు నాతో. ఆ ఒక్కరోజు నేనూ ఏదో మంచి పని చేశాననే అనుకున్నాను.

వరుస చివర మాత్రం తాడు ఖాళీగా ఉంది. అది ట్యాంకు దగ్గర పనిచేసేవాళ్ల చోటు. వాళ్లంతా కాంట్రాక్టు మనుషులు. ఇస్తే పని పోతుందేమోనని ఎవరూ ఇవ్వలేదు. ఆ అమ్మాయి వాళ్ల ఇళ్లకు తిరిగింది. ఆ తిరగడంలోనే ఒక ఇంటికి చేరిందని నాకు తర్వాత తెలిసింది.

పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా గేటు నుంచి ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి చొక్కా తెచ్చిందని. వెళ్లాను. ముప్పై ఐదుకు దగ్గర పడుతున్న మనిషి, పక్కన చిత్రకారిణి, మా ఆపరేటర్ కూతురు. ఆడమనిషి చేతిలో పాలిథీన్ కవరు.

“మా ఆయన ఈడనే పనిజేసెటోడు సార్. ఆరేండ్లాయె పోయి. ఆ దినం ఒంటి మీద ఉన్న అంగీ ఇది. శవాన్ని ఇంటికి తెచ్చినంక నేనే ఇడిసిన. ఉతకలె” అంది.

నాకు వెంటనే తెలిసింది ఎవరో. ఆమెకు నేనెవరో తెలియదు. నా సంతకం మాత్రమే తెలుసు.

“ఎందుకమ్మా ఇదంతా ఇప్పుడు?” అన్నాను.

“తాగి సచ్చిండని రాసిండ్రు సార్. ఊళ్లె అందరు అదే అంటరు. మా అత్తగారోళ్లు గూడ. నా పిలగాన్ని బడిల గూడ తాగుబోతోని కొడుకంటరు. ఆయన చుక్క ముట్టడు సార్. గేటుకాడికెళ్లి ఎనకకు మర్రగొడితే గీ బురద యాడ అంటింది? మీరే జెప్పుండ్రి.”

కవరులో నుంచి చొక్కా తీసి చూపించింది. మెడపట్టీ దాకా నల్లపచ్చ మరక, ఎండి పెచ్చులు కట్టి ఉంది. ట్యాంకు బురద. దానికి వేరే రుజువు అక్కర్లేదు. మా ఫ్యాక్టరీలో ఆ రంగు ఇంకెక్కడా అంటదు. ట్యాంకులో నిలువునా మునిగితే తప్ప మెడ దాకా రాదు.

వద్దని పంపేయవచ్చు. గేటు నా చేతిలోనే ఉంది. ఆ చిత్రకారిణి నా ముఖంలోకే చూస్తోంది. ఆ చూపు ముందు వద్దనే ధైర్యం లేక లోపలికి రానిచ్చాను. దాన్ని దయ అనుకోకండి.

ఆమె తన చేత్తోనే ఆ చొక్కాను చివరి తాడు మీద ఆరేసింది. భోజనాల వేళ. హాల్లో చప్పుడు ఒక్కొక్క బల్లా తగ్గుతూ వచ్చింది. ఒక పాత ఫిట్టరు లేచి వచ్చి, ఆ చొక్కా ముందు నిలబడి టోపీ తీశాడు. ఆ రోజు తాడు లాగినవాళ్లలో అతనొకడు. సెక్యూరిటీవాళ్ల దగ్గర ‘మర్రగొట్టినం’ అని నేను రాయించుకున్నప్పుడు, ఇతని దగ్గర ‘నేను చూడలేదు’ అని రాయించుకున్నాను. అతను నా వైపు తిరిగి ఒకసారి చూసి, తినకుండానే బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు డైరెక్టరు ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. ద్వారంలోనే ఆగిపోయాడు.

“ఏంటిది? దండెమా?”

చెప్పాను. ఆర్ట్ అని, పేరున్న ఉద్యమమని, ఎన్నో ఏళ్లుగా నడుస్తోందని, నాకు తెలిసినంత చెప్పాను.

“ఐడియా బాగుంది. కానీ ఇంత మురికేంటండీ? గెస్టులు వస్తారు, వాళ్ల పక్కనే భోజనాలు. వాసన కూడా వస్తోంది. శుభ్రంగా ఉతికించి, ఇస్త్రీ చేయించి మళ్లీ ఇలాగే పెట్టించండి. ఇంకా బాగుంటుంది.”

అంతే అన్నాడు. చివరి వరుసదాకా ఆయన నడవనేలేదు. ఆ చొక్కా చూడలేదు. చూసినా ఆయనకు తెలిసేది కాదు. ఇక్కడ మీరు బాగా గమనించాలి: పై నుంచి వచ్చిన ఆజ్ఞ శుభ్రత గురించి మాత్రమే. మిగతాదంతా నాదే.

ఆ అమ్మాయికి ఫోను చేసి ‘ఇలా అంటున్నారు, వచ్చి మీ చొక్కాలు తీసుకుపోండి’ అని చెప్పవచ్చు. ఇచ్చిన మాట అదే. చేయలేదు. వాళ్లు తీసుకుపోతే హాలు ఖాళీ అవుతుంది, డైరెక్టరు అడుగుతాడు, చొక్కాలు ఊళ్లో ఇంకెక్కడో ఆరతాయి. ఇదంతా లెక్క వేసుకున్నాను. మర్నాడు ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. మా యూనిఫాంలు ఉతికే లాండ్రీ కాంట్రాక్టరును పొద్దున్నే రమ్మన్నాను.

అతను తరతరాలుగా ఆ పనిలో ఉన్నవాడు. ఇద్దరు మనుషులతో వచ్చి ఒక్కొక్కటే దించుతూ మూటలు కట్టాడు. “గివి మామూలు సబ్బుకు పోవు సార్. బ్లీచింగు ఎయ్యాలె” అన్నాడు. వేయమన్నాను. చివరి తాడు దగ్గరికి వచ్చి ఆగాడు. ఆ చొక్కాను రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు పట్టాడు. మరకలు చదవడం ఆ హాల్లో నాకంటే బాగా తెలిసినవాడు.

“సార్, గిది గూడ ఉతకాల్నా?”

నేను మీకు చెప్పాలనుకున్న రోజు ఇదే, క్షణం ఇదే. ఎవరూ లేరు. డైరెక్టరు లేడు. ఆ ఒక్క చొక్కా నా బీరువాలో దాచి ఉంటే, నూరు చొక్కాల్లో ఒకటి తగ్గిందని కనిపెట్టేవాళ్లు లేరు. ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నది ఏమంటే, ఆ హడావుడిలో ఏ చొక్కా ఏదో గమనించలేదని. అది అబద్ధం. గమనించాను. అతను అడిగినప్పుడు నాకు హాయిగానే అనిపించింది. ఈ మురికి ఇక ఉండదు కదా అని.

“అన్ని అంటే అన్ని. మల్ల అడుగుతవేంది?” అన్నాను.

అతను దాన్ని మూటలో వేశాడు.

సోమవారానికి చొక్కాలు తిరిగొచ్చాయి. పసుపు పోయి లేత గంధం రంగు మిగిలింది. నలుపు పోయి బూడిద మిగిలింది. చిల్లులు మాత్రం పోలేదు. వాటిని లోపలికి మడిచి ఇస్త్రీ చేయించాను. అదే వరుసలో తిరిగి ఆరేయించాను. చివరిది కూడా. దాని మెడపట్టీ తెల్లగా నిలబడి ఉంది, గంజి పెట్టినట్టు.

పండుగనాడు గెస్టులు ఆ వరుసల మధ్య నిలబడి ఫొటోలు దిగారు. డైరెక్టరు మైకులో ‘మన కార్మికుల క్రమశిక్షణకు, పరిశుభ్రతకు ఇది నిదర్శనం’ అన్నాడు. చప్పట్లు కొట్టారు. కార్మికులు కొట్టలేదు. తలలు వంచుకుని బిర్యానీ తిన్నారు.

చిత్రకారులు అప్పుడొచ్చారు. ఆ అమ్మాయి ద్వారంలోనే ఆగి, పాలిపోయింది. నోరు తెరిచేలోగా వాళ్ల నాయన వచ్చి మోచేయి పట్టుకున్నాడు. ఆయనకింకా రెండేళ్ల సర్వీసుంది. పెద్దాయన మాత్రం కర్ర ఊతంగా మొదటి చొక్కా నుంచి చివరి చొక్కాదాకా మెల్లగా నడిచాడు. నడిచి, నా దగ్గరికి వచ్చాడు.

“తమ్మీ, మా బొమ్మలను పోలీసులు గుంజుకపోయిండ్రు. వానకు కొట్టుకపోయినయ్. బర్లు నమిలినయ్. గని ఉతికి ఇస్త్రీ జేసినోడు నువ్వొక్కనివే” అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆ ఆడమనిషి కూడా వచ్చింది, కొడుకును వెంటబెట్టుకుని. పదేళ్ల వాడికి నాన్న చొక్కా చూపించాలని. చివరి తాడు దగ్గర నిలబడి వెతుక్కుంది. ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత ఆ తెల్లటి చొక్కాను పట్టుకుని జేబు మీది చిన్న కుట్టును గుర్తుపట్టింది. ముఖానికి ఆనించుకుని వాసన చూసింది.

“సబ్బు వాసనొస్తుంది” అంది. “ఎవరు ఉతికిండ్రు సార్?”

“లాండ్రీవాళ్లు” అన్నాను.

నిజమే చెప్పాను చూడండి. ఉద్యోగంలో నేర్చుకున్న విద్య అది. ఆమె దాన్ని తాడు మీంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, అదే కవరులో పెట్టుకుని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత చిత్రకారిణి నా క్యాబిన్‌కు వచ్చింది. బల్ల మీద ఒక జిరాక్స్ కాగితం పెట్టింది. “ఈ సంతకం మీదేనా సార్?” అని అడిగింది. నాదే అన్నాను. “అంటే తెల్సే ఉతికిచ్చిండ్రు” అంది. “పొరపాటైంది బిడ్డా” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “పొరపాటంటే తెల్వక జేసేది సార్.”

వాళ్లు పేరు పెట్టుకోకుండా పనిచేస్తారు, ఆ పని ఎవరి సొత్తూ కాకూడదని. నేనూ ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు. రెండూ ఒకటేనని నన్ను నేను మభ్యపెట్టుకోను. నాది భయం.

రెండేళ్లకు రిటైరయ్యాను. శాలువా, గోడ గడియారం. అమీన్‌పూర్‌లో కొనుక్కున్న ఫ్లాటులో ఉంటున్నాను. పెద్దాయన పోయాడని తెలిసింది. పోయి చూడటానికి ముఖం చెల్లలేదు. ఉద్యమం కూడా ఆయనతోనే పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఇలాంటివి పోతేనే మనశ్శాంతి అనుకునే వయసు వచ్చింది నాకు.

మొన్న ఎండలు ముదిరే రోజుల్లో, పొద్దున పూట, బెల్లు మోగితే తలుపు తీశాను. అదే అమ్మాయి. జుట్టులో ఒకటి రెండు నెరిసిన వెంట్రుకలు. కూర్చోమంటే కూర్చుంది. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగింది.

“ఇప్పుడు ఆరుగురమైనం సార్. ఈసారి బట్టలు గాదు, కాగితాలు” అంది. ఈ బెల్టులో చనిపోయినవాళ్ల ఇళ్లల్లో ఉన్న కాగితాలను వాళ్లు వెతుకుతున్నారు. ఆ కాగితం రాసినవాళ్ల దగ్గరికి పోయి, ఆ ఇంటి ముందుకొచ్చి గట్టిగా చదవమని అడుగుతున్నారు. అంతే. ఫొటో తీయరు, రికార్డు చేయరు. చదివాక కాగితం మళ్లీ ఆ ఇంటిదే. “మా పెద్దాయన పోయేముందు అనుకున్న పని ఇది. బట్ట ఉతకొచ్చు గని నోట్లెకెళ్లి వచ్చిన మాటను ఉతకరాదు అన్నడు.”

“ఎంతమంది చదివిన్రు?” అన్నాను.

“ఇంక ఎవ్వలు రాలే. రాసినోళ్లయి పదకొండు ఇండ్లు తిరిగినం.”

రానని చెప్పి పంపాను. బీపీ ఉందన్నాను. నాలుగు రోజులు ఇంట్లో ప్రతిదానికీ చిరాకు పడ్డాను. ఐదో రోజు మా ఆవిడే అంది, “పోరాదుండ్రి. ఇంట్ల కూసోని నన్ను సతాయిస్తున్రు” అని. ఇన్నేళ్లలో నేను ఏం రాశానో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు చెప్పాను. విని, లేచి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

పోయాను. హత్నూర దాటి రెండు మలుపులు తిరిగితే ఆ పల్లె. మా ఊరికి మూడు కోసుల దూరం. రేకుల ఇల్లు, ముందు సిమెంటు గచ్చు. చిత్రకారిణి, ఇంకో ఇద్దరు అప్పటికే ఉన్నారు. ఆ ఆడమనిషి బయటికి వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. కొడుకు నా ఎత్తు ఎదిగాడు. అరుగు మీద నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆమె ఇరుగుపొరుగును పేరుపేరునా పిలిచింది. “రాండ్రి, సార్ వచ్చిండు, సదువుతడంట.” పాతికమందిదాకా చేరారు. ఆమె అత్తను కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టింది.

కాగితం నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి టేపు అంటించారు. చదివాను. ‘సదరు కార్మికుడు’ అన్నది పక్కవాళ్లకే వినపడేంత మెల్లగా వచ్చింది.

“గట్టిగ సార్, మా అత్తకు ఇనపడదు” అంది.

గట్టిగా చదివాను. ‘మద్యం సేవించి.’ ‘తిప్పి పంపబడినాడు.’ పది నిమిషాలు ఆలోచించి వెతుక్కున్న ఆ మాట, ఆ గచ్చు మీద, ఆ మనుషుల ముందు, ఏదో పరాయి భాషలా వినిపించింది. చివరిదాకా చదివి తల ఎత్తాను.

“ఇది అబద్ధం. ఆయన తాగలేదు. ఆయన్ని ట్యాంకులోకి దింపినం. లోపలనే పడిపోయిండు. నేనే ఇట్ల రాసిన” అన్నాను.

ముసలామె కోడలి వైపు తిరిగి, “ఏమంటుండు?” అంది. ఆమె అత్త చెవి దగ్గరికి వంగి ఒక్కొక్క మాటే చెప్పింది. ముసలామె విన్నది. చెంగుతో ముఖం కప్పుకుంది.

కొడుకు అరుగు దిగి వచ్చాడు. “ఆ మాట కాగితంల లేదు గద సార్” అన్నాడు.

జేబులోంచి పెన్ను తీశాను. కాగితం తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, వెనక వైపు ఖాళీలో ఇప్పుడు చెప్పిందంతా రాశాను. కింద సంతకం పెట్టాను. అది నాదేనని తెలిసేలాగే పెట్టాను.

వాడు అందుకుని చదివాడు. తిప్పి ముందువైపు చూశాడు. మళ్లీ వెనక వైపు చూశాడు. ముందువైపు నా సంతకం పక్కన ఫ్యాక్టరీ ముద్ర, గుండ్రంగా, ఊదారంగులో, ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు.

“అబద్ధానికి ముద్దర ఉంది” అన్నాడు. “దీనికేది సార్?”

నేను రిటైరైన మనిషిని. ఆ ముద్ర ఇప్పుడు ఇంకెవరి సొరుగులోనో ఉంది. అది మీలో ఎవరి దగ్గరుందో నాకు తెలియదు.